పేరు మార్చుకోని నర్తకి

(మన సాంస్కృతిక సంఘం వార్షికోత్సవ సభలో మహిళా నృత్య బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

మన సభల్లో ఎప్పుడూ మన వీరుల గురించి, మన భూముల గురించి, మన పండుగల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మేము ఒక సినిమా నటి గురించి మాట్లాడతామని చెబితే కార్యవర్గంలోని పెద్దలు కొంచెం ఆశ్చర్యపోయారు. "ఆవిడ మన మనిషి కాదు కదమ్మా, ఆవిడతో మనకేం పని?" అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఆ జవాబు చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాం.

మా బృందంలో ఇంటర్ చదువుతున్న ఇద్దరు అమ్మాయిలున్నారు. ధింసాలో వాళ్ల అడుగు చూస్తే మాకే ముచ్చటేస్తుంది. పోయిన ఏడాది వాళ్లకు ఒక సినిమాలో నృత్యం చేయమని పిలుపు వచ్చింది. ఇద్దరి తల్లులూ మా దగ్గరికి వచ్చి, "పంపమంటారా, వద్దంటారా?" అని అడిగారు. మాలో సగం మంది పంపమన్నాం, సగం మంది వద్దన్నాం. ఆ రోజు రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం, తేలలేదు. పంపాలా వద్దా అన్న దగ్గరే మేము ఆగిపోయాం. ఏ షరతు మీద పంపాలి అన్న ప్రశ్న మాకు తట్టనే లేదు. ఆ ప్రశ్నను పదిహేడేళ్లప్పుడే అడిగిన ఒక నర్తకి కథ తర్వాత మాకు గుర్తొచ్చింది. ఆమే వహీదా రెహమాన్.

ఇప్పటి పిల్లలకు ఆ పేరు తెలియకపోవచ్చు. మన పెద్దవాళ్లకు "రోజులు మారాయి సినిమాలో ఏరువాక పాటకు ఆడిన అమ్మాయి" అంటే చాలు, మొహాలు వెలిగిపోతాయి. చాలామంది ఆమెను హైదరాబాదు అమ్మాయి అనుకుంటారు. ఆమె పుట్టింది 1938 ఫిబ్రవరి 3న, తమిళనాట చెంగల్పట్టులో. తండ్రి ప్రభుత్వ అధికారి. నలుగురు ఆడపిల్లల్లో ఈమె చివరిది. తండ్రికి బదిలీ అయినప్పుడల్లా కుటుంబం ఊరు మారేది. అలా మన విశాఖపట్నంలోనూ, విజయవాడలోనూ ఉన్నారు. విశాఖలో కాన్వెంటు బడిలో చదువుకుంది. మన అరకు కొండల కింద, సముద్రపు ఒడ్డున ఆమె బాల్యం కొంత గడిచిందన్నమాట.

ఆమెకూ అక్క సయీదాకూ భరతనాట్యం నేర్చుకోవాలని కోరిక కలిగింది. ముస్లిం కుటుంబంలో ఆడపిల్లలు నాట్యం నేర్చుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. బంధువులు ముక్కున వేలేసుకున్నారు. తండ్రి మాత్రం పిల్లల పక్షాన నిలబడ్డాడు. కళలో తప్పు లేదని, మన నడవడిలోనే మంచీ చెడూ ఉంటాయని ఆయన నమ్మాడు. అటువైపు గురువుకూ సందేహమే. మద్రాసులో తిరుచెందూరు మీనాక్షిసుందరం పిళ్ళై గారి దగ్గరికి వెళితే మొదట ఆయన ఒప్పుకోలేదు. జాతకం తెమ్మన్నారు. ముస్లిముల ఇళ్లలో జాతకాలు ఉండవు. చివరికి పుట్టిన తేదీ అడిగి, ఆయనే జాతకం వేసుకుని, శిష్యురాలిగా తీసుకున్నారట. ఈ సంగతి ఆమె తర్వాత రోజుల్లో తన జ్ఞాపకాల్లో చెప్పుకుంది.

అక్కలారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఇంట్లో వాళ్లు "మన కులం వాళ్లు ఆడతారా?" అంటారు. బయటివాళ్లు "మీ వాళ్లకు ఇది వస్తుందా?" అంటారు. ఈ రెండు మాటల మధ్య నలిగే పిల్ల ఎలా ఉంటుందో మనకు తెలుసు. మా బృందంలోనే ఒక అమ్మాయికి, వేదికలెక్కి ఆడుతుందని పెళ్లి సంబంధం తప్పిపోయింది. మన ఊరి పండుగలో ఆడితే తప్పు కాదు, పట్నం వేదిక మీద ఆడితే తప్పట! ఆ మాట అన్నది బయటివాళ్లు కాదు, మన వాళ్లే. ఆ ముస్లిం తండ్రి 1940లలో చూపిన ధైర్యం మన తండ్రుల్లో ఎంతమంది దగ్గర ఉందో ఎవరికి వారు అడిగి చూసుకోవాలి.

వహీదాకు డాక్టరు కావాలని ఉండేది. తండ్రి తొందరగా చనిపోయాడు. తల్లి ఆరోగ్యం అంతంతమాత్రం. ఇల్లు గడవాలి. అలాంటి సమయంలో తెలుగు సినిమా నుంచి పిలుపు వచ్చింది. సారథీ వారి "రోజులు మారాయి". దర్శకుడు తాపీ చాణక్య, నాయకుడు అక్కినేని నాగేశ్వరరావు, నాయిక షావుకారు జానకి. భూమి దున్నేవాడి పక్షం పట్టిన కథ అది. 1955లో విడుదలైంది. అందులో ఈ అమ్మాయికి పాత్ర కూడా లేదు. ఒక్క పాటలో నృత్యం, అంతే. కొసరాజు గారి పాట, మాస్టర్ వేణు గారి సంగీతం, జిక్కి గారి గొంతు.

ఆ పాట భరతనాట్యపు పాట కాదు, గమనించండి. పల్లెపాట. తొలకరికి నాగలి పూజించి దుక్కి మొదలుపెట్టే ఏరువాక పండుగ పాట. మనకు ఇటుకల పండుగ ఎలాగో, మైదానం రైతుకు ఏరువాక అలాగ. మన ఇటుకల పండుగలో విత్తనానికి, వేటకు, అమ్మవారికి కలిపి ఆడతాం. తుడుం మోగుతుంది, మోరి పాడుతుంది, చేతులు వీపుల వెనక కలుస్తాయి. భూమిని తాకే అడుగుకు ఒక తీరు ఉంటుంది. అది చూసినవాళ్లకు తమ అడుగే అనిపిస్తుంది. శాస్త్రీయంగా నేర్చిన అమ్మాయి ఆ పల్లె అడుగును తక్కువగా చూడకుండా, నవ్వుతూ, ఒళ్లంతా పెట్టి ఆడింది. జనం గుర్తుపట్టారు. సినిమాకు వెళ్లినవాళ్లు పాట కోసం మళ్లీ మళ్లీ వెళ్లారు. ఆ బాణీ తర్వాత ఎస్.డి. బర్మన్ చేతిలో "బంబై కా బాబూ" అనే హిందీ సినిమాకూ చేరింది. ఇదే కథను తమిళంలో "కాలం మారిపోచ్చు" పేరుతో తీసినప్పుడు అందులోనూ ఈమే ఆడింది. అదే 1955లో ఎన్.టి. రామారావు గారి "జయసింహ"లో పాత్ర కూడా దొరికింది.

తర్వాత జరిగిన సంగతి రచయిత అబ్రార్ అల్వీ చెప్పేవారు. హిందీ దర్శకుడు గురుదత్, అల్వీ కలిసి "మిస్సమ్మ" సినిమా చూడడానికి కారులో హైదరాబాదు బయలుదేరారు. దారిలో కారు ఒక గేదెను గుద్దింది. బండి బాగయ్యేదాకా హైదరాబాదులో ఆగక తప్పలేదు. అక్కడ పంపిణీదారు ఆఫీసులో కూర్చుని ఉండగా బయట ఒక కారు చుట్టూ కుర్రాళ్ల కోలాహలం. ఏమిటని అడిగితే, "రోజులు మారాయిలో ఆడిన అమ్మాయి వచ్చింది" అన్నారు. ఒక్క పాటకు ఇంత ఆదరణా అని గురుదత్‌కు ఆసక్తి కలిగింది. ఆ అమ్మాయి ఉర్దూ మాట్లాడుతుందని తెలిసి పిలిపించి మాట్లాడారు. కొన్నాళ్లకు బొంబాయి నుంచి కబురొచ్చింది. తెలుగు జనం చప్పట్లు, ఒక గేదె, ఈ రెండూ కలిసి ఆమెను బొంబాయి చేర్చాయని మేము నవ్వుకుంటూ ఉంటాం.

ఇప్పుడు మేము చెప్పదలచుకున్న అసలు ఘట్టానికి వస్తున్నాం.

బొంబాయిలో ఆఫీసు. ఎదురుగా గురుదత్, "సి.ఐ.డి." సినిమా దర్శకుడు రాజ్ ఖోస్లా. ఇవతల తల్లి, కూతురు. అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండలేదు. మూడేళ్ల ఒప్పందం ముందు పెట్టారు. పేరు మార్చుకోమన్నారు. వహీదా రెహమాన్ అనేది పొడుగ్గా ఉంది, ఆకర్షణగా లేదు అన్నారు. దిలీప్ కుమార్ మార్చుకున్నాడు, మధుబాల మార్చుకుంది, మీనాకుమారి మార్చుకుంది, నీకేమి అన్నారు. ఆ పిల్ల, అమ్మానాన్నా పెట్టిన పేరు, నేను మార్చుకోను అంది. అంతటితో ఆగలేదు. సంతకం పెట్టే ముందు ఇంకో షరతు చెప్పింది. నాకు నచ్చని దుస్తులు వేసుకోను, ఆ మాట ఒప్పందంలో రాయండి అంది. కొత్త పిల్ల ఇలా మాట్లాడడం వాళ్లు ఎన్నడూ చూడలేదు. కొన్ని రోజులు నానబెట్టారు. ఆఖరికి ఒప్పుకున్నారు. మైనరు కాబట్టి ఆమె తరఫున తల్లి సంతకం చేసింది.

ఇది చదివిన రోజు మా బృందంలో చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. ఎందుకంటే మాకు మా కథ గుర్తొచ్చింది.

కొన్నేళ్ల కిందట ఒక చిత్రీకరణ బృందం మన వైపు వచ్చింది. ఏ సినిమా, ఎవరు అన్నది ఇక్కడ చెప్పం, ఇప్పుడు ఎవరితోనూ గొడవ పెట్టుకోవడం మా ఉద్దేశం కాదు. మధ్యలో ఒక మనిషి వచ్చి, పన్నెండు మంది ఆడవాళ్లు కావాలి, ధింసా ఆడాలి, రెండు రోజుల పని అన్నాడు. సంబరంగా వెళ్లాం. మన చీర మోకాళ్ల కిందికి కట్టి, భుజం మీద ముడి వేసుకుని, మెడలో పూసలు, కొప్పులో పువ్వులతో సిద్ధమై వెళ్లాం. వాళ్లు చూసి, "ఇది కాదు" అన్నారు. ఆకులు కుట్టిన పావడాలు ఇచ్చారు. తలకు ఈకలు కట్టారు. మా రంగు చాలదని ఒంటికి నల్లరంగు పూశారు! అడుగులు కూడా మనవి వద్దన్నారు. వాళ్ల మాస్టారు చూపించినట్టు ఎగరమన్నారు, నోటితో ఏవో కేకలు పెట్టమన్నారు. మాలో పెద్దావిడ ఒకామె, "మా ముత్తవ్వ కూడా ఇలా కట్టలేదు నాయనా" అంది. ఎవరూ వినిపించుకోలేదు. అడ్వాన్సు తీసుకున్నాం, తిరిగి వెళ్లడానికి బండి లేదు. ఆడాం.

సినిమా వచ్చాక చూశాం. మేము తెర మీద ఉన్నది కొన్ని సెకన్లు. చివర్లో పేర్లు వేస్తారు కదా, లైటు పట్టినవారి పేరుంది, భోజనాలు వండినవారి పేరుంది. మా పన్నెండు మందిలో ఒక్క పేరూ లేదు. "ట్రైబల్ డాన్సర్స్" అనే మాట కూడా లేదు. చెప్పిన డబ్బులో కొంత మధ్య మనిషి దగ్గరే ఆగిపోయింది.

నిజం చెప్పుకోవాలి. తప్పంతా వాళ్లదే అని మేము చాలాకాలం అనుకున్నాం. కానీ మేము ఏమడిగాం? ఎంతిస్తారు అని ఒక్కటే అడిగాం. ఏ బట్టలు, ఏ పేరు, ఏ నాట్యం అని అడగలేదు. కాగితం అడగలేదు. మనం అడగకపోతే వాళ్లకు చెప్పవలసిన అవసరం ఏముంది?

కొందరు అనవచ్చు, "ఆవిడ ఆఫీసరు కూతురు, ఇంగ్లీషు చదువుకుంది, ఆవిడకు అడిగే నోరుంది, మన పిల్లలకు ఎక్కడిది?" అని. న్యాయమైన మాటే. ఆమెకున్న చదువు మన పిల్లల్లో చాలామందికి అందలేదు. కానీ ఆనాటికి ఆ ఇంట్లో తండ్రి లేడు, సంపాదన లేదు. అవసరం మెడ మీద కూర్చున్న రోజునే ఆమె షరతు పెట్టింది. ఇంకొకటి కూడా ఉంది. ఆమె పక్కన తల్లి కూర్చుని ఉంది. మన పిల్లలు సంతకం పెట్టేటప్పుడు పక్కన ఎవరుంటున్నారు? మధ్య మనిషి. తేడా అక్కడ ఉందని మాకు అనిపించింది.

ఇక ఆమె సినీ జీవితం. పేరు మార్చుకోకపోతే పైకి రాలేవు అన్నారు కదా, ఏమయిందో చూడండి. 1956లో "సి.ఐ.డి.", 1957లో "ప్యాసా". "ప్యాసా"లో ఆమె వేసింది గులాబో అనే వేశ్య పాత్ర. లోకమంతా పిచ్చివాడన్న కవి రాతల విలువ తెలిసిన ఒకే మనిషి ఆ గులాబో. 1959లో "కాగజ్ కే ఫూల్", మన దేశంలో సినిమాస్కోపులో తీసిన మొదటి కథాచిత్రం. 1960లో "చౌదవీ కా చాంద్", 1962లో "సాహిబ్ బీబీ ఔర్ గులామ్". అదే ఏడాది సత్యజిత్ రాయ్ పిలిచి బెంగాలీలో "అభిజాన్"లో వేషం ఇచ్చారు.

ఆమె పాత్రల్లో మాకు బాగా దగ్గరైనవి రెండు. రెండూ నర్తకి పాత్రలే.

మొదటిది 1966లో వచ్చిన "తీస్రీ కసమ్". ఫణీశ్వరనాథ్ రేణు కథ. బీహారు పల్లెల్లో జాతరలకు తిరిగే నౌటంకీ మేళంలో ఆడే హీరాబాయి ఆమె. ఎడ్లబండి తోలే హీరామన్‌గా రాజ్ కపూర్. బండివాడికి ఆమె దేవతలా కనిపిస్తుంది. జాతరలో టికెట్టు కొన్నవాళ్లకు మరోలా కనిపిస్తుంది. ఈ రెండు చూపుల మధ్య ఆ మనిషి ఎంత ఒంటరిదో వహీదా పెద్దగా ఏడవకుండానే చూపించింది. ఆ సినిమాకు జాతీయ ఉత్తమ చిత్రం బహుమతి వచ్చింది. మన వాళ్లలో తిరునాళ్లకు, పర్యాటకుల విడిది దగ్గరికి ఆడడానికి వెళ్లేవాళ్లు ఆ సినిమా చూడాలి. ఆట అయిపోయాక గజ్జెలు విప్పుకునేటప్పుడు లోపల ఏముంటుందో తెలిసినవాళ్లకు అది అర్థమవుతుంది.

రెండోది "గైడ్". ఆర్.కె. నారాయణ్ నవల. దేవదాసి కూతురు రోజీ. నాట్యమే ప్రాణం. గౌరవమైన పెళ్లి కోసం నాట్యం మానేస్తుంది. భర్త తవ్వకాలు చేసే పండితుడు, పాత రాళ్ల మీద చెక్కిన నాట్యకత్తెలు ఆయనకు ముద్దు, ఇంట్లో భార్య కాలు కదిపితే కోపం. ఆమె మళ్లీ కాళ్లకు గజ్జెలు కట్టుకుని బతుకుతుంది. ఆ సినిమాలో ఒకచోట రోజీ పాములవాళ్ల బస్తీకి వెళుతుంది. అక్కడ ఒక స్త్రీ నాగస్వరానికి ఆడుతూ ఉంటే చూస్తూ చూస్తూ ఆగలేక తానూ దిగి ఆడుతుంది. దేశమంతా రోజీ ఆటనే గుర్తుపెట్టుకుంది. మేము మాత్రం ప్రతిసారీ ముందు ఆడిన ఆ స్త్రీ వైపే చూస్తాం. ఆ అడుగు మొదట ఎవరిది? ఇది వహీదా మీద ఫిర్యాదు కాదు. అటు చూసే కళ్లు మనకు కాక ఎవరికుంటాయని చెబుతున్నాం.

ఇంకో చిత్రం చూడండి. కథలో రోజీకి పేరొచ్చాక, వేదిక కోసం ఆమె పేరు మార్చేస్తారు. మిస్ నళిని అంటారు. నిజజీవితంలో పేరు మార్చుకోనని పట్టుబట్టిన మనిషి, పేరు మార్చిన నర్తకిగా నటించి ఫిలింఫేర్ ఉత్తమ నటి బహుమతి అందుకుంది. మన బడుల్లో ఏం జరుగుతోంది? హాస్టలులో చేర్చేటప్పుడు, "ఇదేం పేరు, పలకడానికి రాదు" అని రిజిస్టరులో వేరే పేరు రాసేసిన పిల్లలు ఈ సభలోనే ఎంతమంది ఉన్నారో చేతులెత్తమంటే తెలుస్తుంది. పుట్టిన వారాన్ని బట్టి, చనిపోయిన తాతను బట్టి మన వాళ్లు పెట్టుకున్న పేర్లవి. ఇంట్లో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరుతో బతుకుతున్నాం. అందుకే ఆ పదిహేడేళ్ల పిల్ల అన్న మాట మాకు సినిమా కబురులా అనిపించలేదు.

1971లో "రేష్మా ఔర్ షేరా"కు ఆమెకు జాతీయ ఉత్తమ నటి బహుమతి వచ్చింది. 1972లో పద్మశ్రీ. తెలుగును మరిచిపోలేదు. 1974లో అక్కినేనితో "బంగారు కలలు", 1986లో కృష్ణ గారి "సింహాసనం"లో కనిపించింది.

వ్యక్తిగత జీవితం గురించి కూడా చెప్పాలి. గురుదత్ 1964 అక్టోబరులో చనిపోయారు. ఆయన కుటుంబం గురించి, ఈమె గురించి పత్రికలు ఎన్నో రాశాయి, ఇప్పటికీ రాస్తున్నాయి. ఆమె మాత్రం తన సొంత జీవితం తనదేనని, దాని గురించి బయట మాట్లాడనని అరవై ఏళ్లుగా ఒకే మాట మీద ఉంది. ఆమె చెప్పని కథను మేము ఇక్కడ చెప్పడం మర్యాద కాదు. పైగా ఆ రకం కథలు ఎలా పుడతాయో మాకు తెలుసు. ఆడే ఆడదాని గురించి ఎవరైనా ఏమైనా అనవచ్చు అన్నది లోకం తీరు. బదులు చెబుతూ కూర్చుంటే బతుకంతా అదే పని అవుతుంది. ఆమె పని చేసుకుంటూ పోయింది.

1974లో శశి రేఖీని పెళ్లి చేసుకుంది. సినిమాల్లో ఆయన పేరు కమల్‌జీత్. పదేళ్ల ముందు "షగూన్" అనే సినిమాలో ఇద్దరూ కలిసి నటించారు. ఆయన పేరు మార్చుకున్నవాడు, ఈమె మార్చుకోనిది! మతాలు వేరైనా కాపురం చక్కగా సాగింది. బెంగళూరు దగ్గర పొలంలో ఇల్లు కట్టుకుని, కొడుకు, కూతురిని పెంచుకుంటూ చాలా ఏళ్లు ఉన్నారు. మధ్యమధ్య "కభీ కభీ", "త్రిశూల్", "లమ్హే" లాంటి సినిమాల్లో తల్లి వయసు పాత్రలు వేసింది. 2000లో భర్త చనిపోయారు. తర్వాత మళ్లీ బొంబాయి చేరింది. "రంగ్ దే బసంతీ", "ఢిల్లీ 6"లో ఇప్పటి పిల్లలు చూసిన ఆ పెద్దావిడ ఈమే. ఆశా పారేఖ్, హెలెన్ లాంటి పాత స్నేహితురాళ్లతో కబుర్లు, విహారాలు మానలేదు. కెమెరా పట్టుకుని అడవులకు వెళ్లి జంతువుల ఫొటోలు తీయడం పెద్ద వయసులో పట్టుకున్న సరదా. అడవికి వచ్చి చూసి, దేన్నీ పాడుచేయకుండా వెళ్లే సినిమావాళ్లు కూడా ఉన్నారని దీనివల్ల తెలుస్తోంది.

2011లో పద్మభూషణ్. 2023లో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం, సినిమా రంగంలో దేశం ఇచ్చే అతిపెద్ద గౌరవం. ఆ రోజు వేదిక మీద పిలిచిన పేరు చెంగల్పట్టులో అమ్మానాన్నా పెట్టిన పేరే.

మన వాళ్లకు ఇలాంటి గౌరవం దక్కదా అంటారేమో. దక్కింది. మర్లవాయి రాజ్‌గోండు పెద్ద, గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. కోయ డోలి వాయిస్తూ మన వీరుల కథలు పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో వచ్చింది. ఇద్దరూ 2024లో మనల్ని విడిచి వెళ్లారు. వాళ్లకు జోహార్లు. వాళ్లిద్దరూ తమ పేరుతో, తమ వేషంతో, తమ వాద్యంతోనే అక్కడిదాకా వెళ్లారు. ఎవరో కుట్టి ఇచ్చిన ఆకుల పావడాతో వెళ్లలేదు.

చివరిగా పనికొచ్చే మాట ఒకటి. మా అనుభవం తర్వాత తెలిసిన ఒక వకీలును అడిగాం. మన కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల హక్కులు అని ఉన్నాయి. ఆడేవాళ్లకు, పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు వర్తిస్తాయి. ఇది నేను చేసిన ప్రదర్శన అని పేరు చెప్పించుకునే హక్కు, నా ప్రదర్శనను వికారంగా మార్చి నా పరువు తీయవద్దు అనే హక్కు, రెండూ 2012 సవరణతో ఆ చట్టంలో చేరాయి. కానీ ఒక మెలిక ఉంది. సినిమాలో ఏదో కాసేపు కనిపించి, ఆ పరిశ్రమ వాడుక ప్రకారం పేర్లలో ఎక్కడా చోటు దక్కనివాళ్లను చట్టం ప్రదర్శకులుగా లెక్కించదు. పరువు తీసేలా మార్చకూడదు అనే ఆ రెండో హక్కు ఒక్కటే వాళ్లకు మిగులుతుంది. అంటే పేరు పడడం గొప్ప కోసం కాదు. పేరు ఉంటేనే మిగతా హక్కులు అడగడానికి నిలబడగలం. ఆ బొంబాయి ఆఫీసులో పిల్ల పేరు కోసం అంత పట్టుబట్టడంలో ఎంత విలువ ఉందో వకీలు చెప్పాక మాకు ఇంకా బాగా తెలిసింది.

అందుకని మా బృందం నాలుగు మాటలు అనుకుంది. సంఘం పెద్దలు ఒప్పుకుంటే అన్ని ఊళ్ల బృందాలకూ ఇవే ఉంటే బాగుంటుందని మా కోరిక.

ఒకటి, కాగితం లేకుండా ఏ చిత్రీకరణకూ వెళ్లం. డబ్బెంత, ఎవరి చేతికి అన్నది అందులో ఉండాలి.

రెండు, వేషం మనదే. ధింసా అంటే మన చీర, మన ముడి, మన పూసలు. పొతర్ తోలలో ఆకులు ఏరతాం, బాగ్ ధింసాలో పులి వస్తుంది. అడుగుకో అర్థం ఉంది. అది మార్చాలంటే మనల్ని అడగాలి.

మూడు, ఆడిన ప్రతి ఒక్కరి పేరు, ఊరి పేరు, తెగ పేరు తెర మీద పడాలి. ఇంట్లో పిలిచే పేరే పడాలి.

నాలుగు, పద్దెనిమిది నిండని పిల్ల వెళితే తల్లి గానీ తండ్రి గానీ పక్కన కూర్చోవాలి. చదువు రాకపోతే చదివి చెప్పే మనిషిని వెంట తీసుకెళ్లాలి. ఆ మనిషి మధ్యవర్తి కాకూడదు.

ఆ ఇద్దరు అమ్మాయిల సంగతి ఏమయిందని అడుగుతారు. వాళ్ల తల్లులు ఈ నాలుగు మాటలూ కాగితం మీద రాయించి పిలిచినవాళ్లకు పంపారు. చాలా రోజులు జవాబు రాలేదు. పిల్లలు మొహం చిన్నబుచ్చుకున్నారు. మేము కూడా, "మనవల్లే అవకాశం పోయిందేమో" అని బాధపడ్డాం. తర్వాత ఒకరోజు ఫోను వచ్చింది. వేషం విషయం ఒప్పుకుంటాం, పేర్ల విషయం ఆలోచిస్తాం అన్నారు. "ఆలోచించి రాసి పంపండి, అప్పుడు వస్తాం" అని ఒక తల్లి జవాబిచ్చింది. ఇంకా రాలేదు. వస్తుందో రాదో చెప్పలేం. కానీ ఆ తల్లి ఫోనులో ఆ మాట చెబుతున్నప్పుడు పక్కనే ఉన్నాం. ఆమె గొంతు వణకలేదు.

 కాసేపట్లో మా పిల్లలు బోడ ధింసా ఆడతారు. ఆడేముందు ఒక్కొక్కరూ తమ పేరూ ఊరూ చెబుతారు. దయచేసి వినండి, గుర్తుపెట్టుకోండి.

జోహార్!